పెన్నులో లోపం లేదు

ఆ దుకాణంలో పనిచేసేవాళ్ళు ఆమెను డాక్టరమ్మ అనేవారు. మెట్ల కింద, కాగితాల కట్టలకూ గోడకూ మధ్య ఇరికించిన బల్ల ఆమెది. దాని మీద నీళ్ళ గిన్నె, మెత్తటి గుడ్డపీలికలు, సన్నటి గరుకు కాగితాలు, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునేలాంటి చిన్న భూతద్దం. సిరా కక్కే పెన్నులు, గొంతు పూడుకుపోయిన పెన్నులు, కిందపడి మూతి వంకరపోయిన పెన్నులు అన్నీ అక్కడికే వచ్చేవి. పురుడు పోయడం ఒక్కటే తక్కువని బిల్లులు రాసే ముసలాయన ఎగతాళి చేసేవాడు.

సోమవారం పొద్దున ఒక పెద్దావిడ వచ్చి, మరీ ఖరీదైనదీ వద్దు, పారేసేదీ వద్దు, మధ్యరకం ఇంకుపెన్ను ఒకటి చూపించమంది. ఎవరికని అడిగితే తన భర్తకంది. ఆయనకు నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలు కుదుటపడింది, మాట కాస్త ఆలస్యంగానైనా వస్తోంది, కుడిచెయ్యే ఇంకా దారికి రాలేదు. రోజుకో పేజీ రాయిస్తే చెయ్యి తిరుగుతుందని వ్యాయామం చేయించే ఆయన చెప్పాడట. బాల్‌పెన్ను ఇస్తే లాభం లేకపోయింది. అది నొక్కితేగాని రాయదు, ఆయన నొక్కలేడు.

"ఆయనది మామూలు చెయ్యి కాదమ్మా," అంది పెద్దావిడ. "ముప్పై రెండేళ్ళు విశ్వవిద్యాలయంలో పట్టాల మీద పేర్లు రాశారు. ఈ ఊళ్ళో ఎవరింట్లో పట్టా గోడకి వేలాడినా, అందులో పేరు ఈయన రాసిందే."

ఆ మాట విని డాక్టరమ్మ బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చింది. అద్దాల బీరువాలో పై వరసకేసి చూస్తున్న పెద్దావిడని కింది వరసకి దింపింది. బంగారు పాళీ ఈ పనికి దండగ, ఉక్కు పాళీ చాలంది. ఇత్తడి ఒంటి పెన్నులు చేతికి బరువు. సన్నటివి వేళ్ళలో నిలవవు. మూత మరతిప్పేదైతే రెండు చేతులూ కావాలి కాబట్టి లాగితే వచ్చేదే మేలు. అలా ఒక్కొక్కటే పక్కన పెడుతూ పోయి, చివరికి పట్టుకునేచోట కాస్త లావుగా, తేలిగ్గా ఉన్న నల్లపెన్ను ఒకటి తీసి పెద్దావిడ చేతిలో పెట్టింది. పాళీ మరీ సన్నమూ కాదు, లావూ కాదు.

తర్వాత పెన్నుని ఎలా చూసుకోవాలో చెప్పింది. పదిహేను రోజులకోసారి మామూలు నీళ్ళు పీల్చి వదిలి, రంగు పోయేదాకా కడగాలి. వేన్నీళ్ళు పనికిరావు. సిరా నింపాక పాళీని గుడ్డతో అద్దాలే గాని రుద్దకూడదు. నాలుగు రోజులు వాడకపోతే సిరా తీసేసి ఆరబెట్టాలి. పెద్దావిడ వేళ్ళు మడుస్తూ అన్నీ తిరిగి అప్పజెప్పింది, బళ్ళో పాఠం చెప్పినట్టు. ఇద్దరూ నవ్వుకున్నారు.

మామూలుగా అయితే ఏ పెన్నయినా అమ్మేముందు డాక్టరమ్మ పాళీని సిరాలో ముంచి, కాగితం మీద నాలుగు సున్నాలు చుట్టి చూసేది. ఈ నెలనుంచి ఆ పని చెయ్యొద్దన్నాడు యజమాని. ముంచిన పెన్నుని జనం వాడిన పెన్ను అంటున్నారట. ఆమె పాళీని వెలుతురుకి పెట్టి చూసింది. పైకి బాగానే ఉంది. పెట్టెలో పెట్టి ఇచ్చింది.

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. పెద్దాయన పొడుగు మనిషి. చొక్కా చేతుల గుండీలు కూడా పెట్టుకుని ఉన్నాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని తెచ్చి కౌంటరు మీద ఆనించాడు, పక్కింటివాళ్ళ వస్తువేదో తెచ్చి పెట్టినట్టు. పెన్ను రాయడం లేదని పెద్దావిడే చెప్పింది.

డాక్టరమ్మ కాగితం జరిపింది. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే సర్దుకుని పెన్ను పట్టుకున్నాడు. పట్టు తప్పులేదు. పాళీ కాగితానికి ఏటవాలుగా ఆనింది. గీత లాగాడు. పడలేదు. రెండోసారి సగంలో పడింది. 'అ' రాస్తే మొదటి చుట్టు లేకుండా తోక ఒక్కటి వచ్చింది. ఆయన పెన్ను ఎత్తి, పాళీని వెలుతురుకి తిప్పి చూసి, డాక్టరమ్మ వైపు చూశాడు.

"పాళీ..." అన్నాడు. తర్వాతి మాట కోసం పెదాలు కదిలాయి గాని అది రాలేదు.

ఆమె పెన్ను తీసుకెళ్ళి భూతద్దం కింద పెట్టింది. చూడకముందే తెలుసు. ఈ వారంలో అదే రకం పెన్నులు మూడు వచ్చాయి. మూడింటికీ ఒకటే జబ్బు. పాళీ కొసన చీలిక లోపలి అంచుల్ని తయారీలోనే మరీ నున్నగా అరగదీసేశారు. సిరా చీలికలో దాకా వచ్చి అక్కడే ఆగుతుంది, కాగితానికి అందదు. గట్టి చెయ్యి తెలియకుండానే కాస్త నొక్కుతుంది, అప్పుడు రాస్తుంది. నొక్కలేని చేతికి మాత్రం మొదటి గీత పడదు. గరుకు కాగితం మీద పది నిమిషాలు తిప్పితే సరిపోయే పని.

చెయ్యి గరుకు కాగితం మీదికి పోయేసరికి యజమాని వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతు పెంచే మనిషి కాదు ఆయన.

"దాన్ని ముట్టుకోకమ్మా. ఒక్కదానికి ఒప్పుకున్నామంటే ఆ సరుకంతా మన నెత్తిన పడుతుంది. నువ్వు బాగుచేసినా ఒప్పుకున్నట్టే. చీటీ రాసివ్వు. ఆయన చెయ్యి సంగతి చూస్తూనే ఉన్నావుగా."

"ఆయన చెయ్యి నొక్కలేకే రాయలేదండీ," అందామె లోగొంతుకతో. "లోపం పాళీలో ఉంది."

"నొక్కలేకపోవడం చెయ్యి లోపమేగా," అన్నాడు యజమాని. అని, అక్కడే నిలబడ్డాడు.

ఆమె అచ్చు చీటీ తీసి, పరీక్షలో తేలిన విషయం అని ఉన్నచోట, యజమాని మెల్లగా చెబుతుంటే రాసింది: పెన్నులో లోపం లేదు. లోపం వాడేవారి చేతిలో ఉంది. కింద సంతకం పెట్టింది. బిల్లుల ముసలాయన దాని మీద దుకాణం ముద్ర కొట్టి కౌంటరు అవతలికి జరిపాడు.

పెద్దాయన చీటీని రెండుసార్లు చదివాడు. తర్వాత దాన్ని కొంచెం దూరంగా పెట్టుకుని, చదవడానికి కాకుండా చూడడానికన్నట్టు చూశాడు.

"అక్షరం బాగుంది," అన్నాడు. ఆ రెండు మాటలూ మాత్రం తడబడకుండా వచ్చాయి.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె ఈ సంగతి చెబితే, బడివ్యాను నడిపి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్న భర్త, అది నీ రాత కాదు షాపు రాత అన్నాడు. చెయ్యి నాదే కదా అందామె. నలభై దాటినవాళ్ళకి మెట్ల కింద బల్లయినా ఎవరిస్తారని అతనడిగాడు. కోపంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. కూరలు తరుగుతున్న వదిన, అతని అక్కగారు, తలెత్తకుండానే కల్పించుకుంది.

"అబద్ధమాడినా అతికినట్టుండాలే తల్లీ. రాయలేనివాడి చెయ్యి మంచిది కాదంటే అతికినట్టే ఉంటుంది. ఎవరూ అడగరు. అందుకే నీకు మింగుడుపడట్లేదు."

మరి నన్నేం చెయ్యమంటావని అడిగితే, తనకేం తెలుసు, తను ఇంకుపెన్ను పట్టి ముప్పై ఏళ్ళయిందని చెప్పి వదిన కత్తిపీట కడుక్కోడానికి లేచింది.

తర్వాతి బుధవారం కౌంటరు దగ్గర తెలిసిన గొంతు వినబడి డాక్టరమ్మ తల తిప్పింది. పెద్దావిడ ఒక్కతే వచ్చింది. స్టాంపు ప్యాడు కావాలంటోంది. నల్లదా, ఊదాదా అని ముసలాయన అడిగితే, వేలిముద్రకి ఏది మంచిదైతే అది ఇమ్మంది.

డాక్టరమ్మ చేతిలో పెన్ను వదిలేసి వెళ్ళింది. ఎవరి వేలిముద్రకని అడిగింది. ఆయనదేనంది పెద్దావిడ. ప్రతి ఏడూ పింఛను ఆఫీసుకి వెళ్ళి బతికే ఉన్నానని కాగితం మీద సంతకం పెట్టి రావాలి. సోమవారం వెళ్ళారు. ఈ పెన్నుతోనే పెట్టబోతే గీత పడక, పడినచోట తెగిపోయి, సంతకం కుదరలేదు. గుమాస్తా, చేతికి ఏదైనా జబ్బు ఉందని కాగితముందా అని అడిగాడు. ఉంటే ఇకనుంచి వేలిముద్రకి మార్చేస్తాననీ, ఇబ్బంది ఉండదనీ చెప్పాడు. పెద్దావిడ సంచీలో వెతికితే దుకాణం చీటీ దొరికింది. ముద్రా సంతకమూ ఉన్నాయి కాబట్టి చాలన్నాడు. రేపు వచ్చి వేలిముద్ర వెయ్యాలి. అక్కడి ప్యాడు ఎండిపోయింది, ఇంటినుంచి తెచ్చుకొమ్మన్నాడు.

"మొదట నాలుగు రోజులు పాళీ బాగాలేదు, పాళీ బాగాలేదని పోరు పెట్టారమ్మా," అంది పెద్దావిడ, ప్యాడు మూత తీసి చూస్తూ. "మీ చీటీ వచ్చాక నేనే అన్నాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస అని. నవ్వుతారనుకున్నాను. అంతే, మళ్ళీ పెన్ను మాటెత్తలేదు. పేజీ రాయడమూ మానేశారు."

ఇల్లెక్కడని అడిగి తెలుసుకుంది డాక్టరమ్మ. సాయంత్రం దుకాణం నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళింది. సంచీలో భూతద్దమూ గరుకు కాగితాలూ ఉన్నాయి.

రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన బల్ల, దాని మీద రాసిన కాగితాల దొంతి. పైన ఉన్నది తీసి చూసింది. పేజీ నిండా అక్షరాల ముక్కలు, తలలేని మొండేల్లా. ప్రతి అక్షరానికీ మొదటి గీత లేదు. తర్వాతి గీతలు మాత్రం, వణికినా, ఉండాల్సిన చోటే ఉన్నాయి. పెన్ను పెట్టెలో ఉంది. మూత తీసింది. పాళీ మీద చుక్క సిరా లేదు. రాయడం మానేశాక కూడా ఆయన దాన్ని కడిగి, ఆరబెట్టి, గుడ్డ చుట్టి పెట్టాడు.

ఆమె కింద చాప మీద కూర్చుంది. గరుకు కాగితం మీద పాళీని ఎనిమిది అంకెలా తిప్పుతూ పోయింది, నాలుగు చుట్లకోసారి ఆగి భూతద్దంలో చూసుకుంటూ. పెద్దాయన కుర్చీలోంచి ముందుకి వంగి ఆమె చేతినే చూస్తున్నాడు. ఒకచోట ఆమె వేలు కొంచెం పక్కకి వాలితే ఆయన నాలుక చప్పరించాడు. ఆమె సరిచేసుకుంది. పాళీ కడిగి, తుడిచి, సిరా నింపి ఆయన చేతికిచ్చింది.

'అ' రాశాడు. మొదటి చుట్టు పడింది. అక్షరం వణికింది గాని ఎక్కడా తెగలేదు. 'ఆ' రాశాడు. తర్వాత తన సంతకం పెట్టాడు, మెల్లగా, దారిలో రెండుసార్లు ఊపిరి తీసుకుని. చివరి మెలిక కాగితం అంచు దాకా పోయింది.

వెనక గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం చేశావమ్మా... దీనికి?" అన్నాడాయన.

సిరా ఎండిపోయిందని చెప్పి లేచిపోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"పాళీలో లోపం ఉందండీ. మొదట్నుంచీ ఉంది. ఆ రోజు నేను చూశాను. చూసే, అలా రాశాను."

ఆయన పెన్నుకి మూత పెట్టి, కాగితం పక్కన పెట్టాడు.

"నాకు మొదటి గీతకే తెలిసింది," అన్నాడు, ఒక్కో మాటా ఏరుకుంటూ. "ముప్పై రెండేళ్ళు... పాళీతో బతికినవాణ్ణి. కానీ నీ చీటీ చదివాక... పని తెలిసిన మనిషి, అద్దం పెట్టుకుని చూసింది, అబద్ధం ఎందుకు రాస్తుంది అనుకున్నాను. చెయ్యితోపాటు... తెలివీ పోయిందనుకున్నాను. ఆరు రోజులు... వాళ్ళూ వీళ్ళూ చెప్పింది కూడా... నమ్మాలో లేదో తెలియలేదు నాకు."

డాక్టరమ్మ చాప మీద పడ్డ పీలికలు ఏరుకుంటూ ఉండిపోయింది. వెనక గదిలో పెద్దావిడ గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుగుతున్నట్టుంది, ఆ చప్పుడు ఎంతకీ ఆగలేదు.

మర్నాడు దుకాణానికి మధ్యాహ్నం వస్తానని కబురు పెట్టి, డాక్టరమ్మ వాళ్ళతోపాటు పింఛను ఆఫీసుకి వెళ్ళింది. బల్లల మధ్య దారిలో ఫైళ్ళు పేర్చి ఉన్నాయి. పెద్దాయన వాటిని దాటుకుంటూ కర్ర ఊతంతో నడిచి గుమాస్తా బల్ల చేరాడు. గుమాస్తా దుర్మార్గుడేం కాదు. లేచి కుర్చీ జరిపాడు కూడా. సంతకమే పెడతానని పెద్దాయన అంటే కాగితం ఇచ్చాడు, పెట్టేదాకా ఓపికపట్టాడు. పాత సంతకం పక్కన పెట్టి చూశాడు.

"పోలిక ఉందండీ, కాదనను," అన్నాడు. "కానీ ఫైలు మారిపోయింది. చెయ్యి పనిచెయ్యదని మీరే కాగితమిచ్చారు. పైన ఆఫీసరుగారు సంతకం పెట్టేశారు. ఇక మీరు సంతకం పెడితే నేను తీసుకోకూడదు."

ఫైలు తిప్పి చూపించాడు. అందులో దుకాణం చీటీ, రెండు మూలలా గుండుసూదులతో, మధ్యలో ఆకుపచ్చ సిరాతో ఆఫీసరు పొడి సంతకంతో ఉంది. ఆ చీటీ రాసింది తనేననీ, అది తప్పనీ, ఇప్పుడే కాగితం మీద రాసిస్తాననీ డాక్టరమ్మ చెప్పింది. అది దుకాణం ఇచ్చిన కాగితం కాబట్టి దుకాణం ముద్రతోనే మరో కాగితం రావాలన్నాడు గుమాస్తా. దానికి తోడు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. అవన్నీ తెచ్చినా ఈ ఏటికి కుదరదు, గడువు ఇవాళే. పై ఏడాది అర్జీ పెట్టుకోవచ్చు. ఇవాళ వేలిముద్ర పడకపోతే కాగితంలో ఆయన లేనట్టే.

పెద్దావిడ సంచీలోంచి ప్యాడు తీసింది. మూత ఆమెకు రాలేదు, డాక్టరమ్మ తీసింది. గుమాస్తా పెద్దాయన ఎడమ బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద దొర్లించి కాగితం మీద ఒత్తాడు. ఆయన అడ్డు చెప్పలేదు. ముద్ర కింద, చదువురాని వారి వేలిముద్ర అని అచ్చువేసిన మాటలున్నాయి. ఆయన వాటిని చదివాడు.

వేలిముద్రకి సాక్షి సంతకం కావాలన్నాడు గుమాస్తా. ఇంటివాళ్ళు కాని మనిషి ఎవరైనా పెట్టొచ్చు. పెద్దాయన జేబులోంచి పెన్ను తీసి, మూత లాగి, డాక్టరమ్మకిచ్చాడు. ఆయన మొహం చూస్తూ పెట్టలేక, కాగితం చూస్తూ పెట్టింది.

దుకాణం చేరేసరికి పన్నెండు దాటింది. బల్ల మీద ట్రేలో మూడు పెన్నులున్నాయి, మూడూ ఆ రకానివే. కౌంటరు ముందు హెల్మెట్టు చంకలో పెట్టుకుని ఒకాయన ఎదురుచూస్తున్నాడు. మొదటి పెన్ను ఆయనదేనట.

ఆమె భూతద్దం పెట్టుకుంది. మొదటిది చూసి చీటీ రాసింది: పాళీలో లోపం ఉంది. రెండోదీ అంతే. మూడోది మాత్రం వాడినవాళ్ళు నొక్కి నొక్కి పాళీ రెక్కలు విడదీసేశారు. లోపం వాడకంలో ఉంది అని రాసింది. ఆ తర్వాత ఇంకో చీటీ తీసుకుని, పట్టాల మీద పేర్లు రాసిన ఆయన పెన్ను గురించి, పోయిన గురువారం తను ఇచ్చిన చీటీ తప్పని, చూసే తప్పు రాశానని, తేదీ వేసి రాసింది. నాలుగూ తీసుకెళ్ళి బిల్లుల ముసలాయన ముందు పెట్టింది.

ఆయన చదివాడు. యజమాని గది వైపు ఒకసారి చూశాడు. ఎప్పుడూ ఏదో ఒక ఎగతాళి చేసే మనిషి, ఏమీ అనకుండా ముద్ర తీసి నాలుగింటి మీదా, ఒకదాని తర్వాత ఒకటి, కొట్టాడు. చివరిది సరిగ్గా పడలేదని మళ్ళీ కొట్టాడు.

"మీ పెన్నులో లోపం ఉందండీ," అంది డాక్టరమ్మ హెల్మెట్టు ఆయనతో, చీటీ ఇస్తూ. "మీ చెయ్యి బాగానే ఉంది."

ఆయన చీటీ చదువుకుని, అయితే మార్చి ఇస్తారా అని అడిగాడు. అప్పటికే గదిలోంచి యజమాని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. చీటీ చూశాడు. ముద్ర చూశాడు. మారుస్తామండీ, కాసేపు కూర్చోండి అన్నాడు, ఎప్పుడూ మాట్లాడేంత మెల్లగా. తర్వాత ఆమె వైపు తిరిగి చెయ్యి చాపాడు.

ఆమె కంటికున్న భూతద్దం తీసి ఆ చేతిలో పెట్టింది. అది దుకాణానిదే. బల్ల దగ్గరికి వెళ్ళి నీళ్ళ గిన్నె ఒంపేసి, బోర్లించింది. నాలుగో చీటీని రెండు మడతలు పెట్టి సంచీలో వేసుకుని, మెట్ల కిందనుంచి వంగి బయటికొచ్చింది.

పెద్దాయన ఇంటివైపు పోయే బస్సుకి చాలాసేపు నిలబడాల్సొచ్చింది. ఎండ నడినెత్తిన ఉంది. పని పోయిందని ఇంట్లో ఎలా చెప్పాలో ఇంకా తేలలేదు. చీటీ పనికొచ్చేది పై ఏడాది అర్జీకే. అప్పటిదాకా ఆయనా ఉండాలి, ఆయన చెయ్యీ ఉండాలి. బస్సు వస్తే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుంది.